రిలీవర్ రాని షిఫ్టు

నా గొంతు ఖండాలు దాటింది. అబద్ధం కాదు, కాస్త సాగదీసిన నిజం. వీడియో గేములు తయారుచేసే ఓ కంపెనీవాళ్ళు నా మాటలున్న వీడియోని తమ పేజీలో పెట్టుకున్నారు. దాని కింద ఏవేవో భాషల్లో వ్యాఖ్యలు. అన్నీ నన్ను పొగిడినవేనని మేముండే మరోదా పేట అంతా చెప్పుకు తిరిగాను. ఒక్కటీ చదవలేకపోయానన్నది వేరే సంగతి.

ఆ గేములో ఫ్యాక్టరీ కట్టి నడపాలి. మా మనవరాలు అందులో అచ్చం మన భిలాయి ఉక్కు ప్లాంటులాంటిది కట్టి, ఆడుతూ వీడియోలు తీసి పెడుతుంది. "ఉత్తినే ఆడితే ఎవరు చూస్తారు తాతా? పక్కన కూచుని ఏదో కహానీ చెప్పు," అంది. బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ణి, కథలకి కరువా?

ఓ కథ జనానికి బాగా నచ్చింది. మా ప్లాంటులో రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, వచ్చి చార్జి తీసుకునేదాకా మనం కదలకూడదు. ఒక మధ్యాహ్నం నా రిలీవర్ రాలేదు. ఆకలి మీదే రెండో షిఫ్టుకీ నిలబడిపోయాను. ఫర్నేసుని చల్లబరిచే ఒక పైపులో నీటి ధార సన్నబడడం చూశాను. లోపల పగిలి నీళ్ళు నిప్పులోకి పోతున్నాయన్నమాట. పరిగెత్తి వాల్వు కట్టేశాను. లేకపోతే ఫర్నేసు పేలి ఆ వేళ ఎంతమంది పోయేవారో. ఇదీ నేను చెప్పింది.

ఆ వీడియో చూసి గేము కొనుక్కున్నామని చాలామంది రాశారు. కంపెనీవాళ్ళు కొత్త వెర్షన్‌లో, రిలీవర్ వచ్చేదాకా కదలని పనివాణ్ణొకణ్ణి పెట్టారు. వాడికి నాలాగే తెల్ల మీసాలు.

"మనల్ని అడక్కుండానే? ఇది దొంగతనం కాదేటే?" అని ఎగిరాను.

"అరే తాతా, గేము వాళ్ళది. వీడియోలు పెట్టుకోనిస్తారు, మన వీడియోలు వాళ్ళు వాడుకుంటారు. ముందే ఒప్పుకున్నాను కదా. నాకు చూసేవాళ్ళు పెరిగారు, వాళ్ళకి కొనేవాళ్ళు పెరిగారు. ప్రకటనల పని మనమే ముఫ్త్‌లో, పైసా తీసుకోకుండా చేసిపెడుతున్నాం, అంతే!"

నా కోపం చల్లారలేదు. క్యాంప్ 2 బస్తీలో ఉన్న నా పాత జతగాడి దగ్గరికెళ్ళి కంపెనీని తిట్టిపోశాను. మాది శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళు. ఒకే ఫర్నేసు మీద పనిచేశాం. చుట్టం కాకపోయినా బావే.

వాడు టీ ఊదుకుంటూ అంతా విన్నాడు. "మా కోడలు చూపించింది బావా, నీ వీడియో. బాగా చెప్పేవు. వాళ్ళు నిన్ను అడగలేదని గోల పెడుతున్నావు గానీ, నువ్వు నన్ను అడిగేవేటి?"

ఆ వాల్వు కట్టింది వాడు. రాని ఆ రిలీవరు నేనే. ఆ వేళ పవర్ హౌస్ బజారులో మ్యాట్నీ సినిమా చూస్తూ కూచున్నాను. మర్నాడు ఒంట్లో బాగోలేదంటే నమ్మేసి, మా ఇంటికి బత్తాయిలు కూడా పట్టుకొచ్చాడు.

"రేపు మా ఇంటికి రా. నీ కథ నువ్వే చెప్పుకో," అన్నాను.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు కూచున్నాడు. నాలాగా పరుగులూ కేకలూ లేవు వాడి మాటల్లో. ధార సన్నబడింది, చూశాను, కట్టేశాను, అంతే. మనవరాలు గేము ఆపేసి నా వైపు ఓసారి చూసి, వాణ్ణడిగింది: "మరి మీ రిలీవర్ ఎందుకు రాలేదు తాతగారూ?"

వాడు నా వైపు తిరగనైనా తిరగలేదు.

"పాపం, వాడికి ఒంట్లో బాగోలేదమ్మా."

మైకు నా చేతికందే దూరంలోనే ఉంది. ఖండాలు దాటిన గొంతు గడప దాటలేదు.

ఆ వీడియోని కూడా కంపెనీవాళ్ళు తమ పేజీలో పెట్టుకున్నారు. రాలేకపోయిన ఆ రిలీవర్ తర్వాత కోలుకున్నాడా అని ఎవరో అడిగారట. మనవరాలు చదివి వినిపించి, జవాబు ఏం రాయమంటావని కూచుంది.

ఇంకా చెప్పలేదు. ముందు నిజం ఇక్కడ రాస్తున్నాను.