శైలు కుడిచెయ్యి

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నా ఒక్కడి అబద్ధమైతే ఎప్పుడో దించేసేవాడినేమో. ఎవరి చెయ్యి నేను పాడుచేశానో, వాడే నాకంటే ముందు ఆ అబద్ధం ఆడాడు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది కరీంనగర్ వైపు. సూరత్‌కి మగ్గాల పనికి వచ్చి, తర్వాత తాపీ నది ఒడ్డున పడవల షెడ్డులో చేరాను. నా భార్య తమ్ముడు శైలుని నేనే పిలిపించాను, పని నేనే నేర్పాను. ఫైబర్ పడవ మీద జెల్‌కోట్ అని ఒక రంగు పొర ఉంటుంది. ఎండకీ ఉప్పుకీ అది సుద్దలా తెల్లబడుతుంది, చెయ్యి వేస్తే పొడి అంటుకుంటుంది. నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో మొదలుపెట్టి, సన్న కాగితాలకు మారుతూ రుద్ది, చివర కాంపౌండ్ అనే మెరుగు ముద్ద పూసి ఉన్ని చక్రంతో మెరుపు తేవాలి. ఓపిక ఉండాలి. నాకు అదే లేదు.

పడవకి కుడి పక్క నాది, ఎడమ పక్క వాడిది. పని అయ్యాక షెడ్డు యజమాని శేఠ్ గుజరాతీ పేపరు తెచ్చి పడవకు ఎదురుగా పట్టుకునేవాడు. ఆ మెరుపులో అక్షరాలు కనిపిస్తే పాసు. శైలు పక్కన చిన్న అక్షరాలు కూడా తేటగా కనిపించేవి. నా పక్కన హెడ్డింగులు కూడా అలుక్కుపోయేవి.

ఆ రోజు శేఠ్ అందరి ముందూ, ఇక నుంచి బావ వెళ్లి బామ్మర్ది దగ్గర పని నేర్చుకోవాలని అన్నాడు. అందరూ నవ్వారు. శైలు నవ్వలేదు. నాకు అదే ఎక్కువ మండింది.

అందరూ భోజనానికి వెళ్లారు. నేను కదల్లేదు. చేతి గ్రైండర్‌కి ముతక చక్రం బిగించాను. జెల్‌కోట్ మీద అది పెట్టకూడదని శైలుకి చెప్పింది నేనే. కోపం కొద్దీ నా పక్క పడవ అంచు మీద అదిమాను. రంగు పొర మొత్తం లేచిపోయి కింద పీచు బయటపడింది. మోత విని శైలు వెనక్కి వచ్చాడు, చూశాడు, నా భుజం పట్టుకున్నాడు.

“బావా, జర ఆపు. పొర మొత్తం పాయె. గీ పక్క నేనే చేసిన అని శేఠ్‌కు చెప్త. నువ్వు ఊకో.”

తిట్టి ఉంటే నేనూ తిట్టేవాడిని. వాడు జాలిపడ్డాడు. మోచేత్తో మూతి మీద పొడిచాను. పెదవి చిట్లింది. తూలి, పడకుండా పడవ మీద కుడిచెయ్యి ఆనించాడు. గ్రైండర్ నా చేతిలో ఇంకా తిరుగుతూనే ఉంది. నాకు చెయ్యి కనిపించింది, చక్రం కనిపించింది. మనసు మార్చుకోవడానికి సమయం కూడా ఉంది. ఆ సమయంలో నేనేం ఆలోచించాను? ఇక పేపరు ఎలా చదివిస్తావో చూస్తా అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అదే. చక్రం వాడి వేళ్ల మీద పెట్టాను. తెల్లటి పడవ మీద రక్తం చిమ్మింది. ఎముక తగిలి మోత మారింది. అది విని కూడా వెంటనే తియ్యలేదు.

ఆస్పత్రికి నేనే ఎత్తుకుపోయాను. డాక్టర్ అడిగితే నేను నోరు తెరిచేలోపే, మిషన్ జారిందని శైలు హిందీలో చెప్పాడు. తర్వాత మేమిద్దరమే ఉన్నప్పుడు ఒక్కటే మాట అన్నాడు.

“అక్కకు తెల్వనియ్యకు బావా. ఆమె బతుకు ఆగమైతది.”

దాన్ని నేను చాలా ఏళ్లు క్షమాపణ అనుకున్నాను. అనుకోవడం హాయిగా ఉండేది. కానీ వాడు కాపాడింది అక్కని. అందులో నేనెక్కడున్నాను?

మూడు వేళ్లు ఇక వంగవు. ఇప్పుడు సూరత్‌లోనే పాండేసరలో, బట్టలకు రంగులద్దే ఒక మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటాడు. ఆదివారం మా ఇంటికి వస్తాడు. నా భార్య అన్నం కలిపి ముద్దలు చేసి వాడి కంచంలో పెడుతుంది. మొన్న ఆదివారం ముద్ద పెడుతూ, “గానాడు మీ బావ ఎత్తుకొని ఉరకకపోతే ఏమైతుండెరా” అంది. వాడు తల ఎత్తకుండా “అవునక్కా” అన్నాడు. నేను కూర వడ్డించమని కంచం ముందుకు జరిపాను.

మిషన్ జారలేదు. నేనే పెట్టాను. ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. మీకు చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. రేపు ఆదివారం. శైలు వస్తాడు.