సాక్సులు తొడుక్కున్న వైపర్లు

అమెరికాలోని అరోరాలో చలి ముదిరిందని టీవీ వాళ్లకంటే ముందు మామ్మ కారు చెబుతుంది. రాత్రికి మంచు పడేలా ఉంటే చాలు, ఆ పాత కామ్రీ వైపర్లు రెండూ అద్దం మీంచి లేచి నిటారుగా నిలబడతాయి. వాటికి చెరొక ఉన్ని సాక్సు. బూడిద రంగువి, మడమల దగ్గర కాస్త చిరిగినవి. తాతయ్య మల్లికార్జునరావు గారివి. ఆయన పోయాక సూట్లన్నీ ఎవరెవరికో ఇచ్చేసిన మామ్మ, సాక్సులు మాత్రం కారుకే రాసిచ్చింది.

మామ్మ అసలు పేరు డాక్టర్ జ్ఞానప్రసూన. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇవ్వడమే పని. ఊళ్లో సగం మందిని నిద్రపుచ్చిన ఘనత ఆవిడది. ఆవిడ కారెక్కిన వాళ్లెవరూ మాత్రం కన్ను మూసిన దాఖలా లేదు. దారి పొడుగునా పాఠం చెబుతూనే ఉంటుంది మరి.

ఆ పాఠాల్లో మొదటిది వైపర్ల గురించి. గుంటూరు ఎండలు తప్ప ఎరగని మనిషి, ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో గడ్డకట్టిన అద్దం మీద వైపర్లు ఆన్ చేసింది. అవి అద్దానికి అతుక్కుపోయి ఉన్నాయి. లోపల మోటారు మూలిగి మూలిగి కాలిపోయింది. ఆవిడ ఆసుపత్రికి చేరేసరికి టేబుల్ మీద పేషెంటు, చుట్టూ చేతులు కట్టుకున్న డాక్టర్లు. పెద్ద సర్జన్ గోడ గడియారం కేసి చూశాడంతే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మంచు వల్ల మామ్మకి ఒక్కసారీ ఆలస్యం కాలేదు. ఈ సంగతి అడిగిన వాళ్లకి చెబుతుంది. అడగని వాళ్లకి ఇంకా వివరంగా చెబుతుంది.

కిందటి వేసవిలో కొడుకు తేజేశ్వర్ అమ్మని చూసుకోవాలని టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి సంసారంతో సహా ఇక్కడికి వచ్చేశాడు. పెరిగింది అరోరాలోనే అయినా, ఇరవయ్యేళ్ల టెక్సాస్ ఎండకి ఆయనలో చలి జ్ఞానం ఆవిరైపోయింది. వచ్చీ రాగానే చెప్పేశాడు.

"అమ్మా, ఈ వింటర్ నుంచి నువ్వు డ్రైవ్ చెయ్యొద్దు. కొత్త కారు బుక్ చేశా. నీ కామ్రీని డొనేట్ చేసేద్దాం. ఎక్కడికైనా నేను తీసుకెళ్తా."

"నీకు మీటింగ్ ఉంటేనో?"

"క్యాబ్ ఉందిగా!"

తన కోసం అంత దూరం నుంచి వచ్చిన పిల్లాడితో ఏం వాదిస్తుంది? సరేనంది. కానీ బెంగంతా శనివారాల గురించే. ప్రతి శనివారం పక్క వీధిలోని శారద గారిని ఎక్కించుకుని, గుడి వంటింట్లో పులిహోర కలపడానికి వెళ్తుంది మామ్మ. శారద గారికి డ్రైవింగ్ రాదు. కారు తాళం చెయ్యి జారితే, ఎవరికో తీరిక దొరికేదాకా ఇద్దరూ కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవాల్సిందే.

జనవరిలో ఒక శనివారం కొత్త కారుకి గుళ్లో పూజ. రెండు కార్ల తాళాలూ పూజ పళ్లెంలో పెట్టాలని, పూజయ్యాక రెండూ తేజేశ్వర్ తీసుకోవాలని ఒప్పందం. ఆయన, కూతురు స్పందన కొత్త కారులో వచ్చారు. మామ్మ, శారద గారు కామ్రీలో. ఆఖరి ట్రిప్పని దారిలో మామ్మ పాఠం కూడా చెప్పలేదు. శారద గారికి భయమేసింది.

గుడి ముందు కారాపి, మామ్మ ముందు వైపర్ల స్విచ్ ఆపింది, తర్వాతే ఇంజను. దిగి వైపర్లు లేపి సాక్సులు తొడిగింది.

"మామ్మా, నీ కారు హ్యాండ్సప్ అంటోంది! పోలీసులు పట్టుకున్నట్టుంది," అంది స్పందన.

"పట్టుకోలేదే. వచ్చిన వాళ్లందర్నీ ఆశీర్వదిస్తోంది. వంగి దణ్ణం పెట్టుకో."

పూజారి ఆచార్యులు గారు కొత్త కారుకి పసుపు, కుంకుమ పెట్టి, కలశంలో నీళ్లు చల్లారు. తేజేశ్వర్ పెద్ద బంతిపూల దండ తెచ్చి అద్దం మీద పరిచి, జారిపోకుండా వైపర్ల కింద దోపాడు.

"తేజా, తడి దండ అక్కడ పెట్టకురా. బిగుసుకుపోతుంది."

"అమ్మా, ఇది నీ కామ్రీ కాదు. దీనికి అన్నీ ఆటోమేటిక్."

మామ్మ నోరు మూసుకుంది. అది చాలా అరుదు గనక శారద గారు మళ్లీ భయపడ్డారు.

లోపల అర్చన అయింది, ప్రసాదం అయింది. ఆచార్యులు గారిచ్చిన తాళాలు రెండూ తేజేశ్వర్ కోటు జేబులోకి వెళ్లాయి. బయటికొచ్చేసరికి గాలి ముక్కు కోసేస్తోంది. ఆయన కొత్త కారులో దర్జాగా కూర్చుని ఇంజను బటన్ నొక్కాడు. ఆటోమేటిక్‌లో ఉన్న వైపర్లు లేవబోయాయి. మంచులో బిగుసుకున్న దండ లేవనివ్వలేదు. గుర్రుమంటూ ఒక వైపరు దండలో సగాన్ని ఈడ్చి ఆగిపోయింది. రెండోదాని రబ్బరు ఊడి వానపాములా వేలాడింది. అద్దం నిండా పసుపూ కుంకుమా మంచూ కలిసిన ముద్ద.

"ఇంకో కొబ్బరికాయ కొట్టమంటారా డాక్టరమ్మ గారూ?" అన్నారు ఆచార్యులు గారు.

"కొబ్బరికాయ కాదండీ, దీనికి కావలసింది రబ్బరు."

"వంటింట్లోంచి వేణ్ణీళ్లు తెస్తానుండు," అని పరిగెత్తబోయాడు తేజేశ్వర్.

"గడ్డకట్టిన అద్దం మీద వేణ్ణీళ్లు పోసి అది కూడా పగలగొట్టుకుందామనా? ముందు స్విచ్ ఆఫ్ చెయ్యి. వైపర్లదిరా, కారుది కాదు! హీటర్ అద్దం మీదికి తిప్పి అలా ఉండనీ."

మామ్మ చేతిగ్లవ్స్ బిగించింది. మంచు కాస్త కరిగాక, దండని ఒక చివర నుంచి పువ్వు పువ్వుగా వదిలించింది. నొప్పి తెలియకుండా సూది గుచ్చిన చేతులు కదా, వైపరు కిమ్మనలేదు. మోటారు బతికింది. కానీ రబ్బరు లేకుండా మంచు కరగడానికి ఉప్పు చల్లిన ఆ రోడ్ల మీద వెళ్లడానికి లేదు. కొత్త కారు గుడి దగ్గరే ఉండిపోయింది.

తేజేశ్వర్ కామ్రీ దాకా నడిచి, ఆ రెండు సాక్సుల కేసి కాసేపు చూశాడు. జేబులోంచి తాళం తీశాడు.

"నువ్వే నడుపమ్మా."

"ఆలోచించుకుని చెప్పు. మళ్లీ అడిగితే ఇవ్వను."

"వెనక సీట్లో పులిహోర గిన్నె ఉంది. ఒళ్లో పెట్టుకో బాబూ," అన్నారు శారద గారు.

సాక్సులు విప్పి రోడ్డెక్కిన కాసేపటికి పక్కనించి పోయిన ఒక ట్రక్కు బురద మంచంతా అద్దం మీద కొట్టింది. ఏమీ కనపడలేదు. తేజేశ్వర్ గిన్నెని గట్టిగా కావలించుకున్నాడు. మామ్మ వైపర్లు రెండు ఊపులు ఊగాయి, అద్దం కడిగిన పళ్లెంలా అయింది. పెద్ద సర్జన్ కథ చెబుతున్న మామ్మ ఒక్క మాట కూడా తడబడలేదు.

"డాడీ, అయామ్ సారీ, బట్ మామ్మ కారే కూల్," అంది స్పందన.

ఇల్లు చేరాక తాళం మామ్మ హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. ఎవరూ అడగలేదు. వచ్చే శనివారం ఎన్నింటికి తయారుగా ఉండాలో శారద గారికి ఫోన్ చేసి గట్టిగా, ఇల్లంతా వినపడేలా చెప్పింది.

కొత్త రబ్బర్లు వేయించుకుని కారు ఇంటికొచ్చిన రోజు, తేజేశ్వర్ వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నాన్నగారి సాక్సులు ఇంకో జత ఉన్నాయా?"

మామ్మ పోపు కలుపుతూ వెనక్కి తిరగలేదు. నవ్వు కనపడకూడదని.

"ఉన్నాయి గానీ, అవి నా కారు సాక్సులు ఉతికిన రోజుకి. నీ కారుకి నీ సాక్సులు తొడుగు."