చెప్పకుండా వెళ్ళినవాళ్ళు

కవాయి దీవిలో కారు దిగగానే మాకు ఎదురొచ్చినవి కోళ్ళు. హవాయి వెళ్ళినవాళ్ళందరూ సముద్రం ఫొటోలు పెడతారు గానీ కోళ్ళ సంగతి ఒక్కరూ చెప్పరు. జలపాతానికి వెళ్ళే కాలిబాట మొదట్లో ఉన్న పార్కింగ్ లాట్ నిండా అవే. పుంజులు, పెట్టలు, వాటి వెనక పిల్లలు. ఎవరూ పెంచడం లేదట, వాటంతట అవే తిరుగుతాయట. ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వి, నాలుగు జోకులు వేసి ఉండేదాన్ని. ఆ రోజు మాత్రం ఓహో, కోళ్ళు అనుకున్నాను. నా భర్త పోయినప్పటి నుంచి నాకు అన్నీ అలాగే ఉన్నాయి. ఏది చూసినా దాని పేరు తెలుస్తుంది, అంతకుమించి లోపలికి ఏమీ దిగదు.

ఆయన చలికాలంలో గుండెపోటుతో పోయారు. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో అంత ఇంట్లో నేనూ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయీ మిగిలాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏం రావాలి, ఏం వచ్చింది అని పోల్చి చూసి తేడా చెప్పడం నా ఉద్యోగం. ఏడుపు రావాలి, రాలేదు. నెలల తరబడి అదే రిజల్ట్.

ఈ ట్రిప్ నా స్నేహితురాలి పట్టుదల వల్ల జరిగింది. ఇంజనీరింగ్‌లో నా హాస్టల్ రూమ్మేట్, వరంగల్ పిల్ల. ఇప్పుడు అమెరికాలోనే వేరే రాష్ట్రంలో, హెర్న్‌డన్‌లో ఉంటుంది. "నువ్వేం చెయ్యకు. బట్టలు సర్దుకో, ఫ్లైట్ ఎక్కు. గంతే," అంది ఫోన్‌లో. కాదంటే వచ్చి ఈడ్చుకెళ్ళే రకం. తనతోపాటు వాళ్ళాయన, ఏడాదిలో సగం కూతురి దగ్గరే ఉండే వాళ్ళమ్మగారు కూడా వచ్చారు.

నేను ఒప్పుకున్నది జలపాతాలు చూడడానికి కాదు. మా అమ్మాయి వాళ్ళతో మాట్లాడడం మానేసింది. ఒకప్పుడు ఆ ఆంటీ వస్తుందంటే గ్యారేజ్ దగ్గరే కాపలా కాసిన పిల్ల. ఆయన పోయాక ఆంటీ మెసేజ్ పెడితే జవాబివ్వదు, ఫోన్ చేస్తే తీయదు. ఎందుకని అడిగితే భుజాలెగరేస్తుంది. నాతోనూ అంతంతమాత్రమే. పొద్దున స్కూల్‌కి వెళ్ళేటప్పుడు ఒక్క మాట చెప్పదు. గ్యారేజ్ వైపు తలుపు ధడాలున పడితే వెళ్ళిందని తెలుసుకోవాలి. ఈ దేశంలో రేపు నాకేమన్నా అయితే ఈ పిల్లని తీసుకెళ్ళేది వాళ్ళే. ఆ ఇంటితో కూడా దీనికి తెగిపోతే ఎలా అన్నదొక్కటే నాకు మిగిలిన ఆలోచన. దాన్ని దిగులని కూడా అనలేను. పూర్తి చేయాల్సిన పనిలా ఉండేది.

స్నేహితురాలి అమ్మగారు కారు దిగి కొండవైపు చూశారు. "మనిషి పోయి ఇంక ఏడాది కాలే గద బిడ్డా. గుట్ట ఎక్కొద్దు నువ్వు," అన్నారు నాతో.

"అమ్మా, ఇది గుడి గుట్ట కాదే. ఉత్త అడవి," అంది నా స్నేహితురాలు.

"గుట్ట గుట్టనే."

"హవాయి అంతా గుట్టనే. మరి విమానం దిగకుండా ఉంటమా?"

ఆవిడకి ఎలాగూ మోకాళ్ళ నొప్పులు. పులిహోర డబ్బా, పెరుగన్నం కూలర్ పక్కన పెట్టుకుని, నీడలో మడత కుర్చీ వేసుకుని, కోళ్ళని అదిలిస్తూ ఉండిపోయారు. నేను ఎక్కాను. ఎక్కితే ఏమవుతుంది, అవ్వాల్సింది అయిపోయింది కదా అనిపించింది.

దారంతా ఎర్ర బురద. చెట్ల వేళ్ళు అడ్డంగా మెట్లలా ఉన్నాయి. ఎవరూ కోయని జామచెట్లు, కింద రాలి చితికిన పళ్ళు, వాటి మీద ఈగలు. ఆ వాసన తగలగానే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆగి పళ్ళు ఏరడం మొదలుపెట్టారు. "ఉప్పు, కారం తేవాల్సింది," అన్నాడు వాళ్ళాయన, నిజంగానే బాధపడుతూ. మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లతో అందరికన్నా ముందు నడిచింది. ఆంటీ గబగబా వెళ్ళి ఒక పండు తుడిచి ఇస్తే, మొహం కూడా తిప్పకుండా "నో థాంక్స్" అంది. నా స్నేహితురాలు ఆ పండు తెచ్చి నాకిచ్చింది. తిన్నాను. తియ్యగా ఉంది.

జలపాతం బాగుంది. కొండ పైనుంచి నీళ్ళు పడుతున్నాయి, కింద మడుగు, చుట్టూ నాచు. వచ్చినవాళ్ళందరూ "ఓ మై గాడ్" అంటున్నారు. అనకపోతే బాగుండదని నేనూ అన్నాను. బండ మీద కూర్చుని చూస్తుంటే, పైన ఎవరో కుళాయి కట్టేయడం మర్చిపోయినట్టు అనిపించింది.

మా అమ్మాయి బూట్లు విప్పి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. మాకు వీపు పెట్టి నిలబడింది. ఇంతలో మబ్బు పట్టింది. "వాన పడేటట్టున్నది. అమ్మ ఒక్కతే ఉంది, కార్ కీస్ కూడా నా దగ్గర్నే. మేం దిగుతుంటం, మీరు మెల్లగ రాండ్రి," అని నా స్నేహితురాలు నా చెవిలో అరిచి, భర్తని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ నీళ్ళ హోరులో అరవకపోతే వినపడదు.

కాసేపటికి అమ్మాయి వెనక్కి తిరిగింది.

"ఆంటీ ఏది?"

"కిందకి వెళ్ళింది. అమ్మమ్మ ఒక్కతే ఉందని."

"ఆఫ్ కోర్స్." నవ్వింది. ఆ నవ్వు బాగాలేదు. "షీ ఆల్వేస్ డజ్ దట్."

"ఏం చేసిందే?"

నీళ్ళలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. హోరు వల్ల నా చెవి దగ్గరికి జరగాల్సి వచ్చింది. ఆయన పోయాక అది నాకు అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

"నాన్న అప్పుడు ఆంటీ నా రూమ్‌లో పడుకుంది కదా. రోజూ నన్ను పట్టుకుని పడుకుంది. దెన్ వన్ మార్నింగ్ నేను లేచాను, ఎవరూ లేరు. బ్లాంకెట్ ఫోల్డ్ చేసి ఉంది. సూట్‌కేస్ లేదు. నన్ను లేపలేదు. బై చెప్పలేదు. అంకుల్ చెప్పలేదు, అమ్మమ్మ చెప్పలేదు. మిగతా ఆంటీస్ కూడా అంతే. అందరూ ఫుడ్ పెట్టి సైలెంట్‌గా వెళ్ళిపోయారు. నేను డోర్ దగ్గరే నుంచున్నా, అమ్మా. నోబడీ సెడ్ ఎనీథింగ్. లైక్ వీ హాడ్ అ డిసీజ్."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"చావింటి నుంచి ఎవరూ చెప్పి వెళ్ళకూడదే," అన్నాను.

"వాట్?"

"మనవాళ్ళలో అంతే. మళ్ళీ అలాంటి పని మీద ఆ ఇంటికి రాకూడదని. వెళ్ళొస్తామని అనరు, లేచి వెళ్ళిపోతారు. ఆంటీ నా పక్కనుంచే వెళ్ళింది, నాకూ చెప్పలేదు. కారెక్కేదాకా ఏడుస్తూనే ఉంది."

నాకు ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని చడీచప్పుడు లేకుండా బయటికి నడిపిస్తే తెలిసిపోయింది. టెక్సస్‌లో పుట్టిన పిల్లకి ఎలా తెలుస్తుందని మా అందరిలో ఒక్కరికీ తట్టలేదు.

"ఇట్స్ అ రూల్?" గొంతు పెంచింది. పక్క బండ మీద వాళ్ళు తిరిగి చూశారు. "రూల్ ఉంటే ఎవరో ఒకరు నాకు చెప్పాలి కదా! ఐ హేటెడ్ దెమ్, అమ్మా. ఇన్ని రోజులు!"

అది గులకరాళ్ళు ఏరి ఒక్కొక్కటే మడుగులోకి విసిరింది. తర్వాత నావైపు చూడకుండా అడిగింది.

"ఆ రూల్ ఎప్పటిదాకా? మన ఇల్లు ఇంకా అదేనా?"

"లేదు. కర్మలతో అయిపోయింది. ఎప్పుడో."

ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. అదీ నమ్మలేదని మొహం చూస్తే తెలిసింది. వాన మొదలైంది. బూట్లు వేసుకుని దిగాం.

కింద వాన లేదు. నా స్నేహితురాలు పేపర్ ప్లేట్లలో పులిహోర పెడుతోంది. మా అమ్మాయి బురద కాళ్ళతో తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆంటీ, నాకు రూల్ తెలీదు. యూ షుడ్ హావ్ వోకెన్ మీ అప్."

ఏ రోజు సంగతని అడగాల్సిన పని నా స్నేహితురాలికి లేకపోయింది. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. కుర్చీలోంచి వాళ్ళమ్మగారు అందుకున్నారు. "నేనే వద్దన్న బిడ్డా. లేపితే నువ్వు ఏడుస్తవు, నువ్వు ఏడిస్తే ఇది కదలదు. నేనే గుంజుకపోయిన. తిట్టుకుంటే నన్ను తిట్టుకో."

నా స్నేహితురాలు గరిటె పడేసి పిల్లని పట్టుకుని బావురుమంది. మా అమ్మాయీ ఏడ్చింది. ఏం చేయాలో తోచక వాళ్ళాయన వెళ్ళి కోళ్ళని తోలాడు. నేను చూస్తూ నిలబడ్డాను. వచ్చిన పని అయింది. నాకు ఏడుపు రాలేదు, ఆకలేసింది. ప్లేటు అందుకుని తిన్నాను. ఉప్పు తగ్గింది.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్ దగ్గర వాళ్ళు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు మా అమ్మాయి చేతులు పట్టుకుని వెళ్ళొస్తామని చెప్పారు. ముసలావిడైతే లైన్లో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా చెప్పారు.

స్కూళ్ళు తెరిచిన రోజు పొద్దున నేను కిచెన్‌లో లాప్‌టాప్ ముందు ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. గ్యారేజ్ వైపు తలుపు తెరుచుకుంది. ఎప్పటిలాగే ధడాలుమంటుందని చూశాను. అనలేదు.

"అమ్మా, వెళ్ళొస్తా."

భుజాన బ్యాగ్‌తో, తలుపు పట్టుకుని, జవాబు కోసం అక్కడే నిలబడి ఉంది.

"వెళ్ళిరా," అన్నాను.

తలుపు మెల్లగా మూసుకుంది. కాల్‌లో ఎవరో నన్ను ఏదో అడుగుతున్నారు. మ్యూట్ నొక్కి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. అది రోడ్డు దాటుతోంది. కార్లు వస్తున్నాయి. రెండు వైపులా చూసిందో లేదో. ఆయన పోయాక మొట్టమొదటిసారి నాకు భయమేసింది. కిటికీ అంచు పట్టుకున్నాను. పిల్ల తిరిగి రావాలి. వస్తానని నాకు చెప్పి వెళ్ళింది, రావాలి.