వదిన ఇవ్వనన్న పిల్ల

మా వదిన పోయిందన్న కబురు సూర్యాపేటలో నాకు చేరేసరికి నేను మిరపకాయల తొడిమెలు తీస్తున్నాను. మిర్యాలగూడ బస్సు కండక్టరు మా వీధివాడే. వాకిట్లో నిలబడి, "మీ ఆడబిడ్డ పోయిందట పెద్దమ్మా, పొద్దుగాల" అన్నాడు. కారం చేతులతోనే బస్సెక్కాను. దారి పొడుగునా కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

తీరా వెళ్లి చూస్తే పాడె చుట్టూ బియ్యం మిల్లుల ఆడవాళ్లు. "దేవతలాంటి మనిషి" అంటున్నారు. "మన పిల్లలను కడుపుల పెట్టుకొని సాదింది" అంటున్నారు. ఒకామె నన్ను పట్టుకొని ఏడవబోతే చేయి తీసేశాను. "అప్పుడు ఈ గల్లీల మొఖం అటు తిప్పుకొని పోయినవ్ గదనే. ఇయ్యాల ఏ మొఖంతోని వచ్చినవ్?" అన్నాను. చావింట్లో అట్లా మాట్లాడతారా అని అందరూ నన్నే తిట్టారు. తిట్టనీ. పరాయి పిల్లను ఎత్తుకుపోయిందనీ, ఒక కాపురం కూల్చిందనీ మా వదిన మీద నింద వేసింది ఈ నోళ్లే. ఆ నింద పాడెతో పాటు కాలిపోలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, చదివినవాళ్లే తేల్చండి.

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చిన కొత్త. మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, మిల్లు పక్కన మిల్లు లేచింది. మా ఆయన హమాలీ పనికని నన్ను తీసుకొని వాళ్ల అక్క ఇంటి పక్క గదిలో దిగాడు. వదినకు భర్త లేడు, పిల్లలు లేరు. మిల్లుల్లో వడ్లు ఎండబోసే ఆడవాళ్లు, నాట్లకు పోయే ఆడవాళ్లు పొద్దున పిల్లలను ఆమె దగ్గర దింపి, సాయంత్రం తీసుకుపోయేవారు. బదులుగా కాసిని నూకలో, పప్పో ఇచ్చేవారు. ఆమె బతుకు అదే.

ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. పిల్ల రాగానే నీళ్లు పోయాలి. కాళ్లు చాపుకొని కూర్చొని, పిల్లను కాళ్ల మీద వేసుకొని, మెడ కింద, చంకల్లో, మోకాళ్ల వెనక రుద్ది పోసేది. "ఇంట్ల పోసే తెచ్చిన గదక్కా" అని తల్లులు విసుక్కుంటే, "నా ఇంట్ల నా నీళ్లు. నీకేం తరిగింది?" అనేది. ఇంకొకటి, పొద్దున ఏ చేయి పిల్లను ఇచ్చిందో సాయంత్రం ఆ చేతికే ఇచ్చేది. తాత వచ్చినా, మేనమామ వచ్చినా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేది తప్ప పిల్లను ఇచ్చేది కాదు. "పిల్లంటే సంచి కాదు, ఎవలు అడిగితే వాళ్ల భుజానికి తగిలియ్యనీకి" అనేది.

వదిన మీద నింద తెచ్చిన ఆ పిల్లకు అప్పుడు నాలుగేళ్లుంటాయి. తల్లి ఉప్పుడు బియ్యం కళ్లంలో పనిచేసేది. మొదటి మొగుడు పోయాక అదే మిల్లులో హమాలీల మేస్త్రీని మారుమనువు చేసుకుంది. ఆ కళ్లంలో ఎవరికి పని దొరకాలన్నా, ఎవరికి ఊడాలన్నా వాడి నోటి మాటే.

ఒకరోజు నీళ్లు పోస్తుంటే పిల్ల తొడ మీద గుండ్రంగా కాలిన మచ్చ కనబడింది. సాయంత్రం తల్లిని అడిగితే, "పసిరికలకు వాత పెట్టిచ్చిన" అంది. మా దిక్కు పసిరికలకైనా, అంటే కామెర్లకైనా, కడుపునొప్పికైనా వాతలు పెట్టిస్తారు. అందుకని పిల్ల ఒంటి మీద కాలిన మచ్చ కనబడితే రెండో మాట అడిగేవారు ఉండరు. తల్లి పిల్లను ఎత్తుకొని పోయాక వదిన నా వైపు తిరిగింది.

"వాత పెట్టిచ్చినోళ్లు దాస్తరానే? ఎవలు పెట్టిన్రో, ఎట్ల తగ్గిందో గల్లీ అంత తిరిగి సెప్పుకుంటరు. ఇది లంగ కిందికి గుంజి సూపెడ్తలేదు."

పిల్లనే అడుగుదామని నేనంటే కసిరింది. "నువ్వడిగితే నువ్వు ఏం ఇనాల్నని ఉన్నవో అదే సెప్తది. నోరు మూసుకొని నీళ్లు తోడు."

అట్లా కొన్నాళ్లు నీళ్లు పోసింది. మొదటి మచ్చ ఎండకముందే పక్కన పచ్చిది ఇంకొకటి పడింది. ఆ రోజు పిల్ల నీళ్లల్లో చేతులు ఆడిస్తూ తనంతట తనే అంది: "నేను ఏడిస్తే నాయిన బీడీ గీడ ఆర్పుతడు."

వదిన చెంబు ఆపలేదు. నీళ్లు పోస్తూనే, "ఔనా బిడ్డా. సెప్పినవ్ గద, మంచిగ చేసినవ్" అంది. ఒళ్లు తుడిచింది, అన్నం పెట్టింది, పడుకోబెట్టింది.

ఆ మధ్యాహ్నమే పిల్లలను నాకప్పజెప్పి మిల్లు సేటు దగ్గరికి పోయింది. సేటు పరుపు మీద నుంచి లేవకుండానే విన్నాడట.

"మేస్త్రీ అలిగితే నా లారీలు కదలయమ్మా. మొగుడు పెండ్లాల ముచ్చట, జర సర్దుకొమ్మను."

"మొగుడు పెండ్లాల ముచ్చట కాదు సేటూ. పిల్ల ముచ్చట."

"పిల్లలన్నంక దెబ్బలు తాకయా?"

ఠాణాకు పోతే అక్కడి జవాను కూడా ఇదే మాట అన్నాడు. ఇద్దరూ ఒకే బళ్లో చదివినట్టున్నారు. సేటు అంతటితో ఊరుకోలేదు, మేస్త్రీని పిలిచి అంతా చెప్పేశాడు.

సాయంత్రం తల్లి కంటే ముందు వాడు వచ్చాడు, వెనక హమాలీలు. వాళ్లలో మా ఆయన కూడా తల దించుకొని ఉన్నాడు.

"పిల్లనియ్యి" అన్నాడు మేస్త్రీ.

"పొద్దుగాల నువ్వు తెచ్చినవా?" అంది వదిన.

"నా పిల్ల."

"అయితే కూసో. మంచినీళ్లు తాగు. తల్లి వస్తది."

"ఏందే ముసల్దానా, పోరగాండ్లను సాదుకుంట తాసిల్దారువైనవా?"

"తాసిల్దారునైతే నీతోని గింతసేపు మాట్లాడుతనా కొడుకా."

వాడి వెనక ఎవరో నవ్వారు. దాంతో వాడికి ఇంకా మండింది. మా ఆయన వైపు తిరిగి, "నీ అక్కకు నువ్వన్న సెప్పు" అన్నాడు. మా ఆయన, ఆమె ఒక్కగానొక్క తమ్ముడు, "ఇచ్చెయ్యరాదే అక్కా. రేపు మా పని పోతది" అన్నాడు.

"నిన్ను ఎత్తుకొని తిప్పింది గూడ ఈ చేతులే. నీ సంగతి నాకు సెప్పకు" అంది ఆమె. పిల్ల ఆమె కొంగు నోట్లో పెట్టుకొని నిలబడి ఉంది.

ఇంతలో తల్లి ఉరికొచ్చింది, తలంతా ఊక ధూళి. మేస్త్రీ ఆమె మెడ మీద చేయి వేసి ముందుకు నెట్టాడు. "అడుగు" అన్నాడు. ఆమె రెండు చేతులూ చాచింది. వదిన మొఖం మాత్రం చూడలేదు.

"ఇయ్యక్కా. నేనే గద తెచ్చిన."

తెచ్చిన చేయే వచ్చి అడుగుతోంది. వదిన పట్టింపు గల్లీ అంతా ఎరిగిందే. ఇవ్వకపోతే మాట తప్పినట్టు, ఇస్తే ఆ పిల్లను మళ్లీ ఆ బీడీ కిందికి పంపినట్టు. మేస్త్రీ నవ్వుతున్నాడు.

వదిన వంగి పిల్లను ఎత్తి తల్లి చేతుల్లో పెట్టింది. పెట్టిన చేయి వెనక్కి తీసుకోలేదు. తల్లి మణికట్టు పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ గడప లోపల పడ్డారు.

"నీ చేతికే ఇచ్చిన. ఇగ నిన్ను నేనెవలికీ ఇయ్య" అంది.

నేను తలుపు వేసి గొళ్లెం పెట్టాను. వాడు తన్నాడు, బూతులు తిట్టాడు. మేము ముగ్గురు ఆడవాళ్లం తలుపుకు వీపులు ఆనించి కూర్చున్నాం. వాడు అలిసిపోయి వెళ్లేదాకా ఎవ్వరం లేవలేదు. తెల్లవారి నేను తల్లీబిడ్డలను తీసుకొని బస్సెక్కి, కోదాడలో మారి, నడిగూడెంలో తల్లి అన్న ఇంట దింపాను. ఆ అన్న కోపిష్ఠి మనిషి. చెల్లెలి మాట విని, "ఆ మేస్త్రీని ఇటు రమ్మనండమ్మా, కాలవలో ముంచి పంపుతా" అన్నాడు. వాడు ఎన్నడూ రాలేదు. ఆడవాళ్ల ముందే వాడి మగతనం.

పిల్లలను ఎత్తుకుపోతుందన్న మాట ఆ రోజే పుట్టింది. పుట్టించింది మేస్త్రీ, మోసింది తల్లులు. ఒక్కొక్కరే పిల్లలను మాన్పించి, మిల్లులో ఊక గదుల్లో కూర్చోబెట్టుకున్నారు. ఆ ధూళికి పిల్లలు దగ్గుతూ కళ్లు నలుపుకుంటుంటే చూసి కూడా వదిన గడప తొక్కలేదు. ఆమె మోదుగాకులతో విస్తళ్లు కుట్టి బతికింది. మా ఆయన పని మాత్రం పోలేదు. ఎన్నో ఏళ్లకు మేస్త్రీ ఎటో పోయాక మళ్లీ ఒకరిద్దరు పిల్లలను తెచ్చి దింపారు. ఆమె ఏమీ అనకుండా నీళ్లు కాగబెట్టింది. "వాళ్లకు పని గావాలె గదనే, ఏం జేస్తరు" అనేది. అది ఆమె మాట. నాది కాదు. మీ పిల్ల తొడ మీద వాడు బీడీ ఆర్పితే ఇట్లాగే మొఖం తిప్పుకుందురా అని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడగాలని ఇప్పటికీ నాకు ఉంది.

ఆ రోజు నడిగూడెం నుంచి నేను తిరిగి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. వదిన ఒక్కతే గోడకు ఆనుకొని కూర్చుంది. ఆ అన్న ఏమన్నాడని అడగలేదు, మేస్త్రీ దారిలో అడ్డం వచ్చాడా అని కూడా అడగలేదు.

"బస్సు దిగినంక పిల్ల, తల్లి చాటుకు నడిచిందా, ముందటికి పోయిందా?" అంది.

నేను చూసింది చెప్పాను. మేము కాలువ గట్టు మీద నడుస్తున్నాం. నీళ్లు నిండుగా పోతున్నాయి. తల్లి మూట నెత్తిన పెట్టుకొని మెల్లగా వస్తోంది. గట్టు మీద కొంగలు వాలి ఉన్నాయి. పిల్ల, తల్లి చేయి విడిపించుకొని వాటి మీదికి ఉరికింది. అవి లేచి ఇంకొంచెం ముందు వాలాయి. అది మళ్లీ ఉరికింది. తల్లి వెనక నుంచి "ఆగే, పడ్తవ్" అని అరుస్తూనే ఉంది. పిల్ల ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. తెల్లటి రెక్కలు లేస్తున్నాయి, వాలుతున్నాయి, వాటి వెనకే అది ఆ గట్టు పొడుగునా పోతోంది.