ముందు నన్ను మార్చుండ్రి సార్

బిక్షపతి కట్టినంత అందంగా వాళ్ళింట్లో ఆడవాళ్ళెవరూ చీర కట్టలేరు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక పెద్ద బట్టల షాపులో అతను ముప్పై రెండేళ్ళుగా సేల్స్‌మన్. ప్యాంటు, షర్టు మీదే కుచ్చిళ్ళు దోపుకుని, పైట భుజాన వేసుకుని, నడుం కాస్త పక్కకి వంచి, "గిట్ల పడుతదమ్మా అంచు" అని చూపించేవాడు. అంత గుబురు మీసాల మనిషి పట్టుచీరలో అంత ఒద్దికగా నిలబడితే నవ్వని ఆడవాళ్ళు లేరు. నవ్వినవాళ్ళలో కొనకుండా వెళ్ళినవాళ్ళు తక్కువ.

వాళ్ళది పోచంపల్లి వైపు నేత కుటుంబం. తండ్రి మగ్గం ముందు కూర్చోబెడితే బిక్షపతి పోగులు తెంపేవాడు, పక్కింటివాళ్ళతో కబుర్లు మాత్రం తెగనిచ్చేవాడు కాదు. వీడికి చేతులకంటే నోరు బాగా పనిచేస్తుందని తేల్చి తండ్రే పట్నం పంపించాడు. ఇప్పుడు మన్సూరాబాద్‌లో రెండు గదుల సొంత ఇల్లు. భార్య అండాలమ్మ ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఒక్కతే కూతురు వాసంతి. ఇరవై ఏడేళ్ళు. ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో డయాలసిస్ టెక్నీషియన్. ఇక బిక్షపతి అక్క కొమురమ్మ వనస్థలిపురంలో కొడుకు దగ్గర ఉంటుంది కానీ, ప్రతి ఆదివారం ఆటో ఎక్కి తమ్ముడి ఇంటికి వచ్చి, వారం రోజులకు సరిపడా తప్పులు పట్టి వెళుతుంది.

అలాంటి ఒక ఆదివారం, అందరూ భోజనాల దగ్గరుండగా కొమురమ్మ ఫోన్లో ఒక ఫోటో తెరిచింది.

"పిల్లగాడు చౌటుప్పల్ల కరెంటాఫీసుల చేస్తడు. సిగరెట్ లేదు, మందు లేదు. చూడు బిడ్డా."

వాసంతి చూసింది. ముద్ద పళ్ళెంలోనే పెట్టేసింది.

"మంచోడే అయ్యుంటడు అత్తా. కానీ నాకు మొగోళ్ళ మీద మనసు పోదు. ఆడపిల్లల మీదనే పోతది. ఇప్పుడు కాదు, చిన్నప్పటిసంది గంతే. జ్యోతిక తెలుసు గదా? మేమిద్దరం కలిసి ఉందామనుకుంటున్నం."

జ్యోతిక ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అదే దవాఖానలో ఫిజియోథెరపీ చేస్తుంది. నాలుగేళ్ళుగా వచ్చిపోతున్న పిల్ల. చారు మూడుసార్లు అడిగి పోయించుకుంటుంది కాబట్టి అండాలమ్మకు ఆమె అంటే ప్రాణం.

"కలిసి ఉండుడు అంటే?" అంది కొమురమ్మ.

"మీరు పెండ్లి చేసి పంపిస్తె ఉండరా, గట్ల."

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బిక్షపతికి నిశ్శబ్దం పడదు. షాపులో కస్టమరు మాట్లాడకపోతే తనే ఏదో ఒకటి అనేస్తాడు. ఇక్కడా అదే చేశాడు.

"ఆడోళ్ళు నచ్చుడు నాక్కూడ ఉన్నది గదా అక్కా. నా పోలికే వచ్చిందేమో."

కొమురమ్మ నుదురు కొట్టుకుంది. ఆ తరువాత మొదలైంది.

"నువ్వే చేసినవ్ తమ్మీ! పేన్లు పడ్డయని ఐదేండ్ల పిల్లకు క్రాఫు కొట్టిచ్చినవ్. సైకిల్ నేర్పిచ్చినవ్. తండ్రే చీరలు కట్టుకోని నిలవడితె పిల్లకు ఏం సమజైతది? అంత పెంపకంల ఉన్నది."

"ముప్పై రెండేండ్లసంది కడుతున్న. మరి నాకేం కాలే?"

అండాలమ్మ పళ్ళెం పక్కకు జరిపింది. "పెంపకం కాదు వదినె. అసొంటియి రక్తంలనే ఉంటయి. మీ పెద్దమ్మ బిడ్డ పెండ్లే ఒద్దని కూసోలేదా?"

"మా రక్తం మీదికి తెస్తున్నవా? మీ మేనమామ మాత్రం పెండ్లయిన మూడో రోజే ఎందుకు ఉరికిండు?"

ఎవరి రక్తమో తేల్చుకోవడానికి వదినా మరదళ్ళకు అరగంట పట్టింది, అయినా తేలలేదు. ఈలోగా వాసంతి అన్నం తినేసి, పళ్ళెం కడిగి, డ్యూటీకి వెళ్ళిపోయింది. తాము కొట్టుకుంటున్నది ఎవరి గురించో ఆ మనిషి అక్కడ లేదని వాళ్ళు చాలాసేపటికి గానీ గమనించలేదు.

మర్నాడు షాపులో బిక్షపతి ఒకే చీరను మూడుసార్లు తప్పు మడతపెట్టాడు. ఇంట్లో అండాలమ్మ బాత్రూంలో నల్లా తిప్పి మరీ ఏడుస్తోంది.  తరువాతి ఆదివారం కొమురమ్మ ఒక కరపత్రంతో దిగింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎవరో పంచుతుంటే తీసుకుందట. 'సుపథ మానసిక శిక్షణాలయం. సిగరెట్, పరీక్షల భయం, భార్యాభర్తల మనస్పర్థలు, ఇతర అసహజ అలవాట్లు. తొమ్మిది సిట్టింగులలో మార్పు.'

"నేను రాను," అంది వాసంతి.

"నువ్వు రాకు బిడ్డా," అన్నాడు బిక్షపతి. "నేను పోయి సరుకెట్లుందో చూసొస్త."

శిక్షణాలయం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తులో ఉంది. కింది రెండు అంతస్తుల్లో బ్యాంకు పరీక్షలు, పైన మనసులు. దాన్ని నడిపేది విశ్వేశ్వరరావు అనే ఆయన. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, ఇస్త్రీ చెడని తెల్లచొక్కా, ఎదుటివాడు చెప్పకముందే అర్థమైపోయినట్టు తలూపే అలవాటు.

"చూడండీ, మీ అమ్మాయిది పుట్టుకా కాదు, పెంపకమూ కాదు. వట్టి అలవాటు. తనే ఎంచుకుంది, తనే మార్చుకోగలదు. ఆడపిల్లల మీదున్న ఇష్టాన్ని నిదానంగా మగాళ్ళ మీదకి మళ్ళిస్తాం. అంతేనండీ."

"ఎవరి మనసైనా గట్ల మళ్ళుతదా సార్?"

"ఎవరిదైనా సరే!" తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న నలుగురికీ వినపడాలన్నట్టే అన్నాడాయన.

"అయితే ముందు నన్ను మార్చుండ్రి సార్."

"మిమ్మల్నా?"

"మా ఇద్దరిదీ ఒకటే అలవాటు. నాక్కూడ ఆడోళ్ళే నచ్చుతరు. చిన్నప్పటిసంది."

"అయ్యో, మీరు మగవారు కదండీ. అది సహజం."

"సహజమో కాదో నాకు తెల్వది సార్. మళ్ళించే తొవ్వ ఒకటే గదా? ఆడోళ్ళ మీదికెల్లి మొగోళ్ళ మీదికి. మా షాపుల ఒక్క చీర అమ్మాలంటె ముందు నా ఒంటి మీద కట్టి చూపిస్త. మీరు గూడ నా మీద చేసి చూపిండ్రి. తొమ్మిది సిట్టింగులల్ల ఒక్క మొగాయన నా కంటికి మంచిగ కనవడ్డా, మా బిడ్డ కాళ్ళు పట్టుకోనైనా తీస్కొస్త."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. విశ్వేశ్వరరావు ముఖం ఎర్రబడింది. కాదంటే పద్ధతి పోతుంది, ఔనంటే పరువు పోతుంది. ఆయన పద్ధతినే కాపాడుకున్నాడు.

మొదటి సిట్టింగులో మణికట్టుకు ఒక రబ్బరు బ్యాండు వేశాడు. ఆడమనిషి బాగుందనిపించినప్పుడల్లా లాగి వదలాలి. చురుక్కుమనాలి. రోజూ పొద్దున అద్దంలో చూసుకుంటూ "నాకు మగవాళ్ళంటే ఇష్టం" అని పదకొండుసార్లు అనుకోవాలి. పది నిమిషాలు ఒక ఫోటో చూడాలి. ఫోటోలో కండలు తిరిగిన మోడల్ ఒకడు గోడకానుకుని నిలబడ్డాడు.

"ఏమనిపిస్తోందండీ?"

"అంగి మంచిగుంది సార్. కాటన్ మంచి రకం. కానీ భుజం కాడ కుట్టు సక్కగ రాలే."

అది శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం ముందు ఆ షాపులో కాలు పెట్టడానికి సందు ఉండదు, వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. సాయంత్రానికి బిక్షపతి చెయ్యి వాచిపోయింది. తోటి సేల్స్‌మన్ లింగస్వామి "ఏందన్నా చేతికి గది?" అని అడిగితే "మనసు తిప్పుతున్న" అన్నాడు. పొద్దున్నే అద్దం ముందు మగవాళ్ళంటే ఇష్టమని గట్టిగా అంటూ ఉంటే, చీపురుతో వచ్చిన అండాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందయ్యా గీ మాటలు? పక్కింటోళ్ళు వింటరు!"

"జర ఆగు అండాలూ, ఇంకా నాలుగుసార్లున్నయి."

వాసంతి ఆ మాట చెప్పినప్పటినుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి.

పైకి ఆట పట్టించినట్టే ఉన్నా, బిక్షపతి లోపల నిజంగానే ప్రయత్నించాడు. మార్చుకోగలిగేదే అయితే ఎంత కష్టమో తెలుసుకోవాలనుకున్నాడు. మెట్రోలో ఎదురుగా కూర్చున్న ఒక దిట్టమైన మనిషిని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కన్నార్పకుండా చూశాడు. ఆయన చివరికి "ఏందన్నా, ఎక్కడన్న కలిసినమా?" అని అడిగాడు. బిక్షపతి తన చుట్టరికం మొత్తం చెప్పి క్షమాపణ అడగాల్సి వచ్చింది.

మూడోరోజు సాయంత్రం అతను అలసిపోయి ఇంటికొస్తే అండాలమ్మ చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది. పొద్దున్నుంచీ కుట్టిన ఫాల్స్ దారపు ముక్కలు ఆమె జుట్టులో ఇరుక్కుని ఉన్నాయి. బాగుందనిపించింది. అలవాటుగా చెయ్యి రబ్బరు బ్యాండు మీదికి పోయింది, చురుక్కుమంది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని చూసి తప్పు చేసినవాడిలా తల దించుకున్నందుకు అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు రోజులకే తనకిలా ఉంటే, ఆ పిల్ల ఎన్నేళ్ళుగా ఇలా తల దించుకుని తిరిగిందో అనుకున్నాడు. బ్యాండు తీసి చెత్తడబ్బాలో పడేశాడు.

నాలుగో సిట్టింగుకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. విశ్వేశ్వరరావు అప్పటికే విసిగిపోయి ఉన్నాడు.

"మీది మారదండీ! మీది పుట్టుకతో వచ్చింది. దాన్ని ఎవరు మారుస్తారు?"

"మా బిడ్డ గూడ గదే అంటుంది సార్. గీ ముక్క జర కాయితం మీద రాసియ్యుండ్రి, మా అక్కకు చూపియ్యాలె."

ఆయన రాసివ్వలేదు. కానీ బిక్షపతి ఆ ఆదివారం ఇంట్లో ఆ నాలుగు సిట్టింగుల కథను ఫోటోలో మోడల్ నిలబడ్డ తీరుతో సహా చేసి చూపించాడు. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొమురమ్మ కూడా నవ్వింది, నవ్వినందుకు మళ్ళీ తనే కోపం తెచ్చుకుంది. వాసంతి మాత్రం నవ్వలేదు.

"డాడీ, నా కోసం చేసినవ్, మంచిదే. ఒక్కటి చెప్పు. ఆ సార్ చేతిల నువ్వు నిజంగనే మారిపోయి ఉంటె? నన్ను తీస్కపోయేటోనివా?"

మోడల్‌లా గోడకానించిన భుజాన్ని బిక్షపతి వెనక్కి తీసుకున్నాడు.

"నాకైతే పుట్టుకతోనే ఉన్నట్టనిపిస్తది. కానీ పక్కాగ ఎవరికి తెలుసు? రేపు ఎవరో వచ్చి, లేదు, పెంపకమే అన్నరనుకో. లేకుంటె నువ్వే కావాలని ఎంచుకున్నవ్ అన్నరనుకో. అప్పుడు జ్యోతికను ఒద్దంటరా? నేను తప్పు చెయ్యలేదని చూపియ్యనీకి నువ్వు గింత పరేషానైనవ్. తప్పే కానిదానికి సాక్ష్యం ఎందుకు డాడీ?"

బిక్షపతి బ్యాండు వాతలు పడ్డ మణికట్టును రుద్దుకున్నాడు. 

"గంత దూరం ఆలోచించలే బిడ్డా," అన్నాడు. "జ్యోతికను రేపు అన్నానికి రమ్మను."

అంతటితో అంతా సర్దుకుందని కాదు. అండాలమ్మ ఇంకా కొన్ని నెలలు ఊళ్ళో పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది, ఎవరైనా పిల్ల సంగతి అడుగుతారని. జ్యోతికకు వడ్డించేది కానీ ముఖం చూసేది కాదు. ఒకరోజు అండాలమ్మకు నడుం పట్టేసింది. జ్యోతిక పదిరోజులు వరసగా వచ్చి వ్యాయామాలు చేయించింది. బోర్లా పడుకున్న మనిషి ఎదుటివాళ్ళ ముఖం చూడనక్కర్లేదు కదా, ఆ ధైర్యంతో అండాలమ్మ అడగాల్సినవన్నీ అడిగేసింది. మీ ఇంట్లో ఏమన్నారు, ముసలితనంలో ఒకరికొకరు ఉంటారా, నా బిడ్డకు కోపం ఎక్కువ, ఓర్చుకుంటావా అని. పదోరోజుకు నడుం తిన్నగా అయింది.

ఆ ఫాల్గుణంలో వాసంతి, జ్యోతిక బడంగ్‌పేట్‌లో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ఇంటావిడ కృష్ణకుమారి వీళ్ళిద్దరూ ఏమవుతారని అడిగితే, "ఒకరికొకరు అయితరమ్మా" అని బిక్షపతి నవ్వుతూ చెప్పాడు. ఆవిడకు ఎంత అర్థమైందో గానీ తాళాలు ఇచ్చింది.

పాలు పొంగించే రోజు రానన్న కొమురమ్మ అందరికంటే ముందే వచ్చింది. ఇలాంటి పనులు తను లేకుండా సక్రమంగా జరగవని ఆమె నమ్మకం. పొయ్యికి పసుపు రాసింది, బొట్లు పెట్టింది, గిన్నెలో పాలు పోసి వెనక్కి తిరిగింది.

"ఇగ ఇంటి ఇల్లాలు వచ్చి పొయ్యి ముట్టియ్యాలె," అంది.

వాసంతి, జ్యోతిక ఇద్దరూ ముందుకొచ్చారు. కొమురమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అరవై ఎనిమిదేళ్ళలో ఎన్నో గృహప్రవేశాలు చేయించిన మనిషికి ఈ లెక్క ఎక్కడా తగల్లేదు. అండాలమ్మ వైపు చూస్తే ఆమె కిటికీలోంచి బయటకు చూస్తోంది. తమ్ముడు ఏదో అనబోతుంటే "నువ్వు నోరు మూసుకో" అంది.

"సరే తియ్యి. ఇద్దరూ ముట్టియ్యుండ్రి. ఒకరు నాబ్ తిప్పు, ఒకరు లైటర్ కొట్టు. నాకేమెరుక."

వాళ్ళిద్దరూ ఒకరి మోచేయి ఒకరికి తగిలి నవ్వుకుంటూ మంట పెద్దది పెట్టేశారు. పాలు ఒక్కసారిగా పొంగి పొయ్యంతా పారాయి. "సగం పాలు నేలపాలు చేసిండ్రు! ఇద్దరున్నరు, ఒక్కరికన్న మంట తగ్గియ్యాలన్న తెలివి లేదు," అని తిడుతూనే కొమురమ్మ గుడ్డ అందుకుంది. తుడుస్తూ, మిగిలిన పాలల్లో బియ్యం ఎన్ని వేయాలో జ్యోతికకు చెప్పడం మొదలుపెట్టింది.