గెస్టు తప్పు చేయడు

ఆ హోటల్ మేనేజరును సిబ్బంది చాటుగా 'అలాగే సార్' అని పిలిచేవారు. సూపు చల్లారిందన్నా, పక్క గదిలో దగ్గు వినిపిస్తోందన్నా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. కౌంటర్ గుమాస్తాగా చేరి, ఆ ఒక్క మాట పట్టుకునే మేనేజరు కుర్చీ దాకా ఎగబాకాడు. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం నీతి, నిజాయితీ అంటూ గంటలకొద్దీ ఊదరగొట్టేవాడు. పాపం, వాళ్లు ఆవులింతలు ఆపుకుంటూ వినేవారు.

గదులు సర్దేవాళ్లలో ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు, ఒకతి. మొగుడు పోయాక ఆ పని ఇప్పించింది ఈయనే. ఆ సంగతి బంధువులెవరూ మరిచిపోకుండా చూసుకునేవాడు కూడా.

ఒకరోజు ఉదయం ఒక గెస్టు తన ఉంగరం పోయిందని కౌంటర్ బల్ల గుద్దాడు. ఆ గది సర్దింది మరదలే.

"దుప్పట్లు మార్చి, బాత్రూమ్ కడిగి వచ్చేశాను బావా. ఉంగరం నా కంటపడితే ఒట్టు" అని ఏడ్చిందామె.

బావగారు గదైనా వెతికించలేదు. అందరి ముందే ఆమెను పనిలోంచి తీసేసి, గెస్టుకు పదేపదే క్షమాపణలు చెప్పి, టాక్సీ తలుపు తనే తీసి పట్టుకున్నాడు. ఇంత చేవలేని మనిషికి ఆ కోటూ టై దేనికో!

రెండు రోజుల తర్వాత ఆ గెస్టే ఫోన్ చేశాడు.

"ఉంగరం నా షేవింగ్ సంచిలోనే ఉందండీ. ఆవిడకి కాస్త చెప్పండి."

"అయ్యో, దానికేముంది సార్! మీరు మనసు పాడుచేసుకోకండి."

ఎవరి మనసు గురించి బెంగపడ్డాడో చూడండి! మరదలిని వెనక్కి పిలిస్తే తొందరపడ్డానని సిబ్బంది ముందు ఒప్పుకోవాలి. అది యజమాని చెవిన పడుతుంది. కాబట్టి ఫోన్ పెట్టేసి కాఫీ తెప్పించుకున్నాడు.

ఆ కాఫీ తాగుతుండగానే మరదలు వచ్చింది, ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాం తిరిగి ఇవ్వడానికి.

"వేరే హోటల్లో పని అడిగాను బావా. దొంగతనం మాట అక్కడికీ పాకిందట, రావద్దన్నారు. ఉంగరం ఏమైనా దొరికిందా?"

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు.

"లేదమ్మా. ఆయన పోలీసుల దగ్గరికి పోతానంటే నేనే కాళ్లావేళ్లా పడి ఆపాను. ఎవరేమన్నా నువ్వు తీయలేదని నాకు తెలుసు."

అందులో ఆ చివరి ముక్క ఒక్కటే నిజం.

ఆమె కళ్లు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది. "మీరున్నారు కాబట్టి బతికిపోయాను బావా."

"అంత మాటెందుకులే, మనలో మనకి" అని ఆ దండం కూడా అందుకున్నాడు, సిగ్గులేని మనిషి.