మూడుసార్లు తట్టిన తలుపు

ఐర్లండ్‌లోని లీట్రిమ్ పల్లెల్లో ప్రతి ఇంటికీ ముందు తలుపు ఉంటుంది. ఉంటుందే గానీ, దాని జోలికి ఎవరూ పోరు. వచ్చేవాళ్ళంతా పెరటి తలుపు తోసుకుని, "దేవుడు చల్లగా చూడాలి అందర్నీ" అనుకుంటూ సరాసరి వంటింట్లోకొచ్చి కూర్చుంటారు. ముందు తలుపు తీసేది ఫాదర్‌గారు వచ్చినప్పుడూ, శవపేటిక బయటికి వెళ్ళేటప్పుడూ. నోరీన్ మెక్‌గార్టీ ఇంట్లో అయితే, ఆవిడ భర్త పోయిన నాడు తీసిన తలుపు మళ్ళీ తీసిందే లేదు. దానికి అడ్డంగా పింగాణీ పళ్ళేల బీరువా పెట్టేశారు కూడా.

ఆ ఇంటి కోడలు ఎతెరీ. జార్జియా దేశం పిల్ల. పుట్టగొడుగుల షెడ్డులో కోతపనికి వచ్చి, అక్కడికి ఎరువు లారీ తోలుకొచ్చే ఫెర్గల్‌ని కట్టుకుంది. "ఆ కంపులో కూడా ప్రేమ పుట్టిందంటే ఇక అది చచ్చినా పోదు" అని పక్కింటి ముసలాయన ప్యాకీ పెళ్ళినాడు అందర్నీ నవ్వించాడు.

ఆమె పని అనుమతి గడువు తీరిపోయింది. మొగుడు ఐరిష్ పౌరుడు కాబట్టి, భార్యగా ఈ దేశంలో ఉండనివ్వమని అర్జీ పెట్టుకుంది. అది తేలేదాకా బయట పని చెయ్యకూడదు. ఇంట్లో మటుకు పనికేం తక్కువ? ముందుగదిలో నోరీన్ మంచాన పడి ఉంది. ఒళ్ళు తుడవడం, గంజి తాగించడం, రోజూ పొద్దున్నే ఆ తెల్లటి జుట్టుకి జడ వెయ్యడం, అన్నీ ఎతెరీయే.

ఒకరోజు డబ్లిన్ నుంచి జవాబొచ్చింది. ఫెర్గల్ వంటింట్లో నిలబడే చదివాడు. మొహం పాలిపోయింది.

"ఏమంటారు?" అంది ఎతెరీ.

"మనం కలిసి కాపురం ఉంటున్నట్టు లేదంటున్నారు. ఫిబ్రవరిలో సెయింట్ బ్రిజిడ్ పండగ మర్నాడు పోలీసు గార్డు వచ్చాడట. ముందు తలుపు మూడుసార్లు తట్టాడట. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదట."

"నేను ఇంట్లోనే ఉన్నాను కదా!"

"ఉన్నావు. వెనక కొట్టంలో, పొయ్యిలో కట్టెలకి బదులు మండించే మట్టిపెళ్ళలు ఏరుతుంటావు. సరైన సంజాయిషీ ఇవ్వకపోతే నువ్వు వెళ్ళిపోవాల్సిందేనట."

ముందుగదిలోంచి పిలుపొచ్చింది. "ఫెర్గల్, ఇలా రా. ఆ పిల్లనీ తీసుకురా."

ఇద్దరూ మంచం దగ్గరికి వెళ్ళారు.

"ఆ చప్పుడు నేను విన్నాను" అంది నోరీన్.

"మరి నన్ను పిలవలేదేం అమ్మా?" అంది ఎతెరీ.

"ఏమని పిలుస్తానే? ముందు తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. తర్వాత అంతా నిశ్శబ్దం. వీడి నాన్నకీ పోయేముందు అలాగే వినపడింది. నాకు పైనుంచి పిలుపు వచ్చిందనుకున్నాను. చెబితే హడలిపోతావని నోరు మూసుకున్నాను." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "తీరా చూస్తే అది వచ్చింది నా కోసం కాదు. నిన్ను తీసుకుపోవడానికి."

ఎతెరీ మంచం మీదికి వంగింది. దుప్పటి అంచు సర్దింది.

"మళ్ళీ రమ్మని రాయండి ఆ గార్డుని" అంది నోరీన్. "నా జడ ఎవరు వేస్తున్నారో నేనే చెబుతాను."

జడ సంగతితో సహా అలాగే రాశారు. మళ్ళీ వస్తామన్నారు గానీ, ఎప్పుడో చెప్పలేదు. అప్పట్నించి రోజూ జడ వేయించుకుంటూ, "వచ్చాడా?" అని అడిగేది నోరీన్. ఎతెరీ "ఇంకా లేదమ్మా" అనేది. ఈస్టర్ వెళ్ళిన వారంలో ఒక పొద్దున్న ఆవిడ ఆ మాట అడగలేదు.

బీరువా జరిపారు. ఉబ్బిపోయి బిగుసుకున్న ముందు తలుపుని ఫెర్గల్ భుజంతో తోసి తీశాడు. చావు ఇంటి ఆనవాయితీగా అద్దానికి గుడ్డ కప్పారు, గడియారం ఆపారు. ఊరు ఊరంతా వరసకట్టింది. ఎతెరీ మాత్రం వంటింట్లో దూరి శాండ్‌విచ్‌లు కోస్తోంది. తన తరఫున చెప్పే ఒక్క మనిషీ వెళ్ళిపోయింది. ఇక ఎవరొచ్చి ఏం చూస్తారు?

ప్యాకీ భార్య బ్రీజీ వచ్చి చేతిలో కత్తి లాక్కుంది. "నీ చోటు ఇక్కడ కాదు. పేటిక పక్కన."

"అక్కడ సొంతవాళ్ళు నిలబడతారు కదా. నేను పరాయిదాన్ని."

"పరాయిదానివైతే ముందు తలుపు తట్టి వచ్చేదానివి. మాట్లాడకుండా పద."

ఎతెరీ వెళ్ళి ఫెర్గల్ పక్కన నిలబడింది. వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే చెయ్యి పట్టుకుని, "ఎంత కష్టం వచ్చిందమ్మా మీకు" అంటూ ముందుకి జరుగుతున్నారు. ఆ వరసలో చివర కొత్త మొహం ఒకటి, గార్డు టోపీతో.

"ఎవరి తాలూకు బాబూ నువ్వు?" అన్నాడు ప్యాకీ.

"నేను పట్నం స్టేషన్ నుంచండీ. ఈ ఇంట్లో ఎవరుంటున్నారో చూడ్డానికి... ఇలా జరిగిందని తెలీదు."

"ఓహో! అప్పుడు తలుపు బాదింది నువ్వేనా? ముసలిదాని గుండె సగం అప్పుడే ఆగిపోయిందయ్యా! ముందా టోపీ తియ్యి. వరసలోనే ఉండు."

గార్డు టోపీ తీశాడు. ఎతెరీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాపి, "మీరు..." అన్నాడు.

"ఈ ఇంటి కోడల్ని." ఆమె పేటిక వైపు చూపించింది. "మీ కోసం మా అత్తగారు రోజూ ఎదురుచూసింది. ఒకసారి చూసి వెళ్ళండి."

అతను మోకరిల్లాడు. పేటికలో నోరీన్ చేతుల మధ్య జపమాల, భుజం మీద నున్నగా అల్లిన తెల్లటి జడ. ఆ జడనీ, పక్కన నిలబడ్డ ఎతెరీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వంటింట్లో బ్రీజీ ఇచ్చిన టీ తాగాడు.

"నేను చూసింది రాస్తానమ్మా" అని, పెరటి తలుపు నుంచి వెళ్ళిపోయాడు.

అంత్యక్రియలయ్యాక ఫెర్గల్ బీరువా మళ్ళీ తలుపుకి అడ్డంగా జరపబోయాడు.

"వద్దు, ఉండనీ" అంది ఎతెరీ.

"చలిగాలి కొడుతుంది."

"కొట్టనీ. ఈసారి ఎవరు తట్టినా నేనే తీస్తాను."

వేసవిలో, మట్టిపెళ్ళలు కోసి ఆరబెట్టే రోజుల్లో, అనుమతి కాగితం వచ్చింది. చేతులు కూడా కడుక్కోకుండా ఎతెరీ అది పట్టుకుని ముందుగదిలోకి పరిగెత్తింది.

"అమ్మా, వచ్చింది!" అనేసింది, మంచం ఖాళీ అన్న సంగతి మరిచిపోయి.